రియల్ ఎస్టేట్‌లోకి దిగే ముందే పేరు సంపాదించుకోవడం ఎలా?

రియల్ ఎస్టేట్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ళలో చాలామంది ఒకే వరసలో నడుస్తారు. లైసెన్సో రిజిస్ట్రేషనో తెచ్చుకుంటారు, ఒక కంపెనీలో చేరతారు, విజిటింగ్ కార్డులు వేయించుకుంటారు. ఆ సాయంత్రమే ఫోన్‌లో ఉన్నవాళ్ళందరికీ "రియల్ ఎస్టేట్ మొదలుపెట్టాను, ఏ అవసరమున్నా చెప్పండి" అని మెసేజ్ పెడతారు. పదిమంది థంబ్స్ అప్ పెడతారు, ఇద్దరు "ఆల్ ది బెస్ట్" అంటారు. ఆ తర్వాత నెలల తరబడి ఫోన్ మోగదు.

మెసేజ్ బాగాలేక కాదు, అది వెళ్ళిన సమయం బాగాలేక. ఆ మెసేజ్ చూసినప్పటినుంచి మీరు వాళ్ళకి కమిషన్ మీద బతికే మనిషి. నిన్నటిదాకా "ఆ వీధిలో ఇల్లు తీసుకోకండి, వానొస్తే నీళ్ళు నిలుస్తాయి" అని మీరంటే నమ్మేవాళ్ళు. ఇవాళ అదే మాట అంటే, "ఇంకో ఇల్లేదో అంటగట్టాలని చూస్తున్నట్టున్నాడు" అనుకుంటారు. కాబట్టి అమ్మడానికి మీ చేతిలో ఏమీ లేని ఈ ఆరు నెలలో ఏడాదో ఎంత విలువైనవో ముందు గుర్తించండి. మీ మాటని జనం అనుమానం లేకుండా వినే కాలం ఇదే. లైసెన్స్ చేతికొచ్చాక ఈ వెసులుబాటు మళ్ళీ దొరకదు.

ఉద్యోగం చేస్తూనో చదువుకుంటూనో, ఒక ఏడాదిలో ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్ళ కోసం ఇది. ఉన్న ఉద్యోగం మానేయమని మాత్రం చెప్పను. కమిషన్ ఆదాయం ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి అసలే రాదు. చేతిలో డబ్బుల్లేని టెన్షన్‌లో ఉన్నవాడు క్లయింటుకి నిజం చెప్పలేడు. ఎనిమిది నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకున్నాకే ఉద్యోగం వదిలే సంగతి ఆలోచించండి.

1. చట్టం గీసిన గీత ఎక్కడుందో చూసుకోండి

లైసెన్స్ లేకుండా ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలో 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి) చట్టం 9వ సెక్షన్ ప్రకారం, రెరాలో నమోదైన ప్రాజెక్టులో ప్లాటో ఫ్లాటో అమ్మించాలన్నా కొనిపించాలన్నా ఏజెంటు ముందుగా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. చేయించుకోకపోతే 62వ సెక్షన్ కింద రోజుకు 10,000 రూపాయల జరిమానా పడుతుంది. అది పెరుగుతూ ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా పోవచ్చు. అమెరికాలో లైసెన్స్ ఇచ్చేది ఒక్కో రాష్ట్రం. కొత్తగా వచ్చినవాళ్ళు ఒక బ్రోకర్ (అక్కడ ఏజెంటు కంటే పై స్థాయి లైసెన్స్ ఉన్న మనిషి) కిందే పనిచేయాలి. అక్కడ 'రియల్టర్' అన్న మాటని కూడా అందరూ వాడుకోకూడదు. అది నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ ట్రేడ్‌మార్క్, సభ్యులకే ఆ హక్కు.

మీరున్న చోట నియంత్రణ సంస్థ వెబ్‌సైట్ తెరిచి, ఏజెంట్ల గురించి రాసిన భాగం మొత్తం చదవండి. విసుగ్గానే ఉంటుంది, కానీ మీకంటే ముందు వచ్చినవాళ్ళలో చాలామంది అది చదవలేదు. దేశం ఏదైనా, లైసెన్స్ రాకముందు ఈ నాలుగు పనుల జోలికి పోకండి: మిమ్మల్ని మీరు ఏజెంటు అని చెప్పుకోవడం, ఎవరి ఇల్లయినా "అమ్మకానికి ఉంది" అని పోస్ట్ పెట్టడం, కొనేవాళ్ళనీ అమ్మేవాళ్ళనీ కలిపి దానికి డబ్బు తీసుకోవడం, బిల్డర్ల బ్రోచర్లు ఫార్వర్డ్ చేయడం. నాలుగోది ఏమంత తప్పు అనిపించవచ్చు. కానీ ఆ బ్రోచర్‌లోని అబద్ధం రేపు మీ పేరుమీదే చలామణీ అవుతుంది.

చేయదగినవి చాలానే ఉన్నాయి. అందరికీ అందుబాటులో ఉన్న సమాచారాన్ని చదివి అర్థమయ్యేలా చెప్పవచ్చు. చూసింది రాయవచ్చు. నేర్చుకుంటున్నానని బయటికే చెప్పుకోవచ్చు. ప్రొఫైల్‌లో "ఇళ్ళ ధరలు, పత్రాలు, హోమ్ లోన్ల గురించి నేర్చుకుంటూ రాస్తున్నాను" అని ఒక్క వాక్యం పెడితే చాలు, అందులో దాచాల్సిందేమీ లేదు. ప్రస్తుత ఉద్యోగపు ఒప్పందం కూడా ఒకసారి తిరగేయండి. బయట పని చేయకూడదనే షరతు ఉంటే ఇప్పుడే తెలియాలి. ఆఫీసులో చేతికొచ్చిన కస్టమర్ల నంబర్లు మాత్రం ఎప్పటికీ మీవి కావు.

2. ఏ వీధులు, ఎవరి కోసం?

"అన్ని రకాల ఆస్తుల కొనుగోలు, అమ్మకం, అద్దెకు సంప్రదించండి" అన్న బోర్డు మీరు ఎన్నోసార్లు చూసుంటారు. అందులో ఒక్కరి పేరైనా గుర్తుందా?

ముందు ఒక ప్రాంతాన్ని ఎంచుకోండి, అదీ చిన్నదే. నడిస్తే గంటలో చుట్టి రాగలిగినంత ఉంటే చాలు. అందంగా ఉందనో, ఇళ్ళు ఖరీదైనవనో ఎంచుకోకండి. చేతులు మారుతున్న ఇళ్ళెన్నో లెక్క చూడండి. ఒక ప్రాంతంలో వెయ్యి ఇళ్ళుండి, ఏడాదికి యాభై అమ్ముడుపోతే 5 శాతం. పక్క ప్రాంతంలోనూ వెయ్యి ఇళ్ళే ఉండి పదే అమ్ముడుపోతే 1 శాతం. రెండోచోట మీరెంత పేరు తెచ్చుకున్నా అక్కడ దొరికే పని అంతే. ఈ లెక్కకు రిజిస్ట్రేషన్ల పబ్లిక్ రికార్డులు పనికొస్తాయి. అవి అందకపోతే ప్రాపర్టీ సైట్లలో ఆ ప్రాంతం ప్రకటనలు మూడు నెలలు వరసగా గమనించినా ఉజ్జాయింపుగా తెలుస్తుంది. అమ్మకాల్లో సగం ఇప్పటికే ఒక్క ఏజెంటు చేతిలోనే ఉంటే ఆ ప్రాంతం వదిలేయండి. నలుగురైదుగురు పంచుకుంటున్న చోట కొత్తవాళ్ళకి సందు దొరుకుతుంది.

తర్వాత ఎవరి కోసం అన్నది. ఇక్కడ చాలామంది తమ దగ్గరున్న ఆస్తిని తామే పారేసుకుంటారు. కొత్త రంగంలోకి వస్తున్నాం కదా అని, పాత ఉద్యోగం గురించి ఎత్తడమే మానేస్తారు. నిజానికి మిమ్మల్ని మిగతావాళ్ళనుంచి వేరుచేసేది ఆ పాత ఉద్యోగమే. నర్సుగా చేసినవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఏ ఇంట్లో హాయిగా ఉండగలరో గుమ్మంలోనే చెప్పగలరు. మెట్లు ఎన్ని, బాత్రూమ్ తలుపు ఎంత వెడల్పు, స్ట్రెచర్ లిఫ్ట్‌లో పడుతుందా అన్నవి ఏజెంట్లకు తట్టని ప్రశ్నలు. బ్యాంకులో చేసినవాళ్ళకి అప్పు ఎందుకు తిరస్కరిస్తారో తెలుసు. సివిల్ ఇంజినీరుకి ఏ పగులు పైపూతదో, ఏది గోడ లోపలిదాకా వెళ్ళిందో తెలుసు. టీచరుకి పిల్లలున్న కుటుంబాల రోజువారీ తిప్పలు తెలుసు. ఇంటిపట్టునే ఉండి సంసారం నడిపినవాళ్ళకైతే వంటగదిలో ప్లగ్ పాయింట్లు ఎన్ని ఉండాలో ఏ ఆర్కిటెక్టూ నేర్పక్కర్లేదు.

ఈ రెండూ కలిపి ఒక వాక్యం రాసుకోండి: ఫలానా ప్రాంతంలో, ఫలానా వాళ్ళకి, ఫలానా విషయంలో సాయపడే మనిషి. "మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళకి లోన్ సంగతులు విడమర్చి చెప్పే మనిషి" అన్నారనుకోండి. మీరు లేనప్పుడు మీ పక్కింటావిడ మరొకరికి అదే మాట తడుముకోకుండా చెప్పగలిగితే వాక్యం కుదిరినట్టు. ఆవిడ "ఏదో రియల్ ఎస్టేట్ అట" అని తేల్చేస్తే మళ్ళీ రాసుకోండి.

3. నోరు తెరిచే ముందు నడవండి

ఎంచుకున్న వీధుల్ని కనీసం మూడు నెలలు తిరగండి. ఒకే వేళప్పుడు కాదు. పనిరోజు ఉదయం రద్దీలో, సెలవురోజు మధ్యాహ్నం, రాత్రి పదింటికి, ముఖ్యంగా పెద్ద వాన వెలిసిన గంటలోపు వెళ్ళండి. నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి, రాత్రి కార్లు ఎక్కడ పెడుతున్నారు, ఏ సందులో వీధిదీపం వెలగదు, ఏ భవనంలోకి వెళ్తే ఫోన్ సిగ్నల్ పోతుంది, సాయంత్రపు ఎండ ఏ వరసలోని కిటికీల మీద పడుతుంది అన్నవి రాసుకోండి. ఇవేవీ ప్రాపర్టీ సైట్లో దొరకవు. ఇల్లు కొని చేరినవాళ్ళకి మొదటి నెలలోనే తెలిసి బాధపెట్టేవి మాత్రం ఇవే.

ఇంట్లో కూర్చుని చేయాల్సింది ఇంకో పని ఉంది. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి, ఆ ప్రాంతంలో అమ్మకానికి వచ్చిన ప్రతి ఇంటికీ ఒక వరస కేటాయించండి: వీధి, ఎన్ని చదరపు అడుగులు, అడుగుతున్న ధర, ప్రకటన మొదట కనబడిన తేదీ, ధర తగ్గించిన తేదీ, ప్రకటన మాయమైన తేదీ. వారానికి ఒక అరగంట పని. కొన్ని నెలలయ్యేసరికి ఏ రకం ఇల్లు వారంలో పోతుందో, ఏది ఎన్నాళ్ళైనా కదలదో మీకు కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. అడిగే ధర వేరు, అమ్ముడుపోయే ధర వేరు. రెంటి మధ్య ఎడం ఎంతో చెప్పగలిగినవాళ్ళ మాటకే విలువ. ఇంగ్లండ్, వేల్స్‌లలో ల్యాండ్ రిజిస్ట్రీ 1995 నుంచీ అమ్మకపు ధరల వివరాలు అందరికీ అందుబాటులో ఉంచుతోంది కాబట్టి అక్కడ ఈ పని తేలిక. మిగతాచోట్ల రికార్డులు వెతుక్కోవాలి. పైగా రిజిస్టరైన ధర ప్రతిచోటా అసలు ధరే కాకపోవచ్చు. రెండుమూడు వైపులనుంచి సరిచూసుకున్నాకే నమ్మండి.

జనం చూడటానికి తెరిచిపెట్టిన ఇళ్ళకి వెళ్ళండి. కొనేవాళ్ళలా నటించకండి. "ఈ రంగంలోకి రావాలనుకుంటున్నాను, చూసి నేర్చుకోవడానికి వచ్చాను" అని గుమ్మంలోనే చెప్పండి. కొందరు ఏజెంట్లు పొమ్మంటారు, కొందరు కూర్చోబెట్టి మాట్లాడతారు. రెండేళ్ళ తర్వాత ఇదే రంగంలో వాళ్ళతో ఎదురెదురుగా కూర్చుని బేరం మాట్లాడాల్సింది మీరే కాబట్టి, మొదటి పరిచయం అబద్ధంతో మొదలుకాకపోతే మంచిది.

4. పేరు, ఫోటో, నంబరు

దీనిమీద ఎక్కువ సమయం పెట్టకండి. లోగో, రంగులు, ట్యాగ్‌లైన్ అంటూ నెలలు గడిపేవాళ్ళని చూస్తే అసలు పని వాయిదా వేయడానికి ఒక సాకు దొరికిందనిపిస్తుంది.

అన్నిచోట్లా ఒకే పేరు, ఒకే వరసలో ఉండాలి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట ముద్దుపేరు, మరోచోట పేరు చివర అంకెలు ఉంటే వెతికినవాళ్ళకి దొరకరు. ఫోటో ఈ ఏడాది తీసిందే పెట్టండి. మీ పేరుతో ఒక డొమైన్ కొనిపెట్టుకోండి, ఇప్పటికి ఒక్క పేజీ చాలు. అన్నిటికంటే ముఖ్యం, ఫోన్ నంబరూ ఈమెయిలూ మీ సొంతవై ఉండాలి. రేపు చేరే కంపెనీ పేరుతో పేజీ తెరిచి, కంపెనీ ఇచ్చిన నంబరు మీద పరిచయాలన్నీ పెంచుకుంటే, కంపెనీ మారిన రోజున అవన్నీ అక్కడే ఉండిపోతాయి.

5. ఏం రాయాలి, ఎలా రాయాలి

వారానికి ఒకటి రాస్తే చాలు, వారం మాత్రం తప్పకూడదు. వేదిక కూడా ఒక్కటే ఎంచుకోండి. వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ 24 గంటల్లో మాయమవుతాయి. యూట్యూబ్‌లో పెట్టిన వీడియో, మీ సొంత పేజీలో రాసిన వ్యాసం, ఎవరో రెండేళ్ళ తర్వాత వెతికినా దొరుకుతాయి. కష్టమంతా నిలిచి ఉండేచోట పెట్టి, స్టేటస్‌లో దాని లింకు ఇవ్వండి. యూట్యూబ్ షార్ట్స్ నిడివిని 2024 అక్టోబరు నుంచి 3 నిమిషాలకు పెంచారు. ఒక ప్రశ్నకి పూర్తి జవాబు చెప్పడానికి ఆ సమయం సరిపోతుంది. కెమెరా ముందు నోరు పెగలనివాళ్ళు బలవంతాన వీడియోలు చేయక్కర్లేదు, శుభ్రంగా రాయండి.

ఏం రాయాలో తోచకపోతే జనం అడగడానికి మొహమాటపడే ప్రశ్నలు తీసుకోండి. "కార్పెట్ ఏరియా అంటే ఏంటి?" అన్నది అలాంటిదే. గోడల లోపల మీరు తిరగగలిగే, వాడుకోగలిగే జాగా అది. సూపర్ బిల్టప్ అంటే అందులో లిఫ్టు, మెట్లు, లాబీల్లో మీ వాటా కూడా కలుస్తుంది. 1,500 చదరపు అడుగుల సూపర్ బిల్టప్ ఫ్లాట్‌లో కార్పెట్ ఏరియా 1,050 అయితే, మీరు డబ్బు కడుతున్నదాంట్లో 30 శాతం మీ తలుపు బయటో గోడల్లోనో ఉన్నట్టు. రెండు ఫ్లాట్ల ధరలు పోల్చాలంటే కార్పెట్ ఏరియాతో భాగించి పోల్చాలి. ఇంతే వ్యాసం. దీన్ని ఒక ఫ్లోర్ ప్లాన్ మీద గీసి చూపిస్తే జనం దాచుకుంటారు.

హోమ్ లోన్ ఇంకొకటి. అప్పు 100 అనుకుందాం, వడ్డీ ఏడాదికి 9 శాతం. 20 ఏళ్ళ గడువైతే నెలకు సుమారు 0.90 చొప్పున కట్టాలి, మొత్తం కట్టేది 216. అంటే అసలు కంటే వడ్డీయే ఎక్కువ. అదే 15 ఏళ్ళైతే నెలకు 1.01, మొత్తం 183. నెల కంతు 13 శాతం పెరిగితే, కట్టే వడ్డీ 116 నుంచి 83కి దిగింది. బ్యాంకులు ఈ లెక్క దాచవు, కానీ ఎవరూ కూర్చోబెట్టి చూపించరు. మీరు చూపించండి. చూపించి, "కంతు ఎక్కువైతే కష్టకాలంలో ఇబ్బంది, కాబట్టి 20 ఏళ్ళకే తీసుకుని చేతిలో డబ్బున్నప్పుడు ముందుగా కట్టేయడమూ ఒక దారే, ముందు కడితే ఛార్జీలుంటాయేమో అడగండి" అని కూడా చేర్చండి. రెండు వైపులూ చెప్పినవాళ్ళ మీదే నమ్మకం కుదురుతుంది.

రాసే తీరు గురించి ఒక ఉదాహరణ. "ఈ ప్రాంతం దూసుకుపోతోంది, పెట్టుబడికి బంగారంలాంటి అవకాశం" అన్న పోస్ట్ చదివి ఎవరూ ఏమీ నేర్చుకోరు. అదే విషయాన్ని ఇలా రాసి చూడండి: "ఈ మూడు వీధుల్లో గత నాలుగు నెలల్లో తొమ్మిది ఇళ్ళు అమ్మకానికి వచ్చాయి. ఆరు వెళ్ళిపోయాయి. మిగిలిన మూడూ పై అంతస్తువే, లిఫ్టు లేనివే. ఆ మూడిట్లో రెండింటికి ధర తగ్గించారు. మెట్లు ఎక్కగలిగిన వయసులో ఉండి, ఐదారేళ్ళే ఉందామనుకునేవాళ్ళు బేరమాడి చూడవచ్చు. ఎప్పటికీ ఉండాలనుకుంటే, మళ్ళీ అమ్మేటప్పుడు మీకూ ఇదే ఇబ్బంది." మీ స్ప్రెడ్‌షీట్ ఇక్కడ పనికొస్తుంది. రెండో పోస్టుని ఎవరూ కాపీ కొట్టలేరు, ఎందుకంటే ఆ వీధుల్లో తిరిగింది మీరే.

రాయకూడనివీ ఉన్నాయి. ధరలు వచ్చే ఏడాది పెరుగుతాయనో తగ్గుతాయనో జోస్యం చెప్పకండి. తప్పితే మీ మాట పోతుంది, నిజమైతే అది మీ గొప్ప కాదు. ఇతర ఏజెంట్లని తిట్టకండి. ఎవరి ఇంటి లోపలి ఫోటోలూ వాళ్ళని అడగకుండా పెట్టకండి. ఒక ప్రాంతంలో "ఎలాంటివాళ్ళు" ఉంటారో అస్సలు రాయకండి. మతం, కులం, జాతి, ఏ దేశం వాళ్ళన్నదాన్ని బట్టి ఇళ్ళనీ వీధుల్నీ వర్ణించడం తప్పు. అమెరికాలో 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతినో మతాన్నో బట్టి ఎవరికైనా ప్రాధాన్యం ఉన్నట్టు ప్రకటన ఇవ్వడమే చట్టవిరుద్ధం. పార్కు ఎంత దూరమో, బస్సు ఎన్ని నిమిషాలకొకటి వస్తుందో రాయండి. పొరుగువాళ్ళ సంగతి చదివేవాళ్ళకే వదిలేయండి.

పత్రాల గురించి రాసేటప్పుడు ఏ కాగితం దేనికో చెప్పి ఆగిపోండి. "ఈ కాగితాలు చాలు, కొనేయొచ్చు" అనేది లాయరు చెప్పాల్సిన మాట.

6. మీకు తెలిసినవాళ్ళ పట్టిక

ఫాలోవర్ల సంఖ్య చూసి మురిసిపోవడం ఈ రంగంలో పెద్ద భ్రమ అని నా అభిప్రాయం. ఎక్కడో ఉన్న పదివేల మంది చూసే రీల్ వల్ల ఇక్కడ ఒక్క ఇల్లూ కదలదు. మీ ప్రాంతంలో మీ పేరు తెలిసిన రెండొందల మంది వల్ల కదులుతుంది.

ఒక నోట్‌బుక్కు తీసుకుని పేర్లు రాయడం మొదలుపెట్టండి. దగ్గరి చుట్టాలతో ఆగకండి. పాత సహోద్యోగులు, స్కూల్లో చదివినవాళ్ళు, పిల్లల స్నేహితుల తల్లిదండ్రులు, జిమ్‌లో పలకరించేవాళ్ళు, మీ డెంటిస్టు, ఇదివరకటి ఇంటి ఓనరు, అందర్నీ రాయండి. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధనలో, పరిచయాల ద్వారా ఉద్యోగం సంపాదించినవాళ్ళలో ఎక్కువమందికి ఆ కబురు తెచ్చింది రోజూ కలిసే మిత్రులు కాదు, అప్పుడప్పుడూ కనిపించే ముఖపరిచయస్తులు. దగ్గరివాళ్ళకి తెలిసిన కబుర్లు దాదాపు మీకూ తెలిసే ఉంటాయి. ఇల్లు అమ్మాలనుకుంటున్న మనిషి కబురు కూడా అలాంటి దూరపు పరిచయం దారినే వస్తుంది.

ప్రతి పేరు పక్కన మూడు సంగతులు రాయండి: సొంతిల్లా అద్దా, ఇంట్లో రాబోయే మార్పు ఏదైనా తెలుసా (పెళ్ళి, కాన్పు, రిటైర్మెంట్, బదిలీ), చివరిసారి ఎప్పుడు మాట్లాడారు. తర్వాత వారానికి ఐదుగురితో మాట్లాడండి. ఇళ్ళ సంగతి మీరుగా ఎత్తకండి. "ఏం చేస్తున్నావు?" అని వాళ్ళు అడుగుతారు కదా, అప్పుడు రెండో అంచెలో రాసుకున్న వాక్యం చెప్పండి. అక్కడితో ఆపేయండి.

వాట్సాప్ బిజినెస్ వాడితే పేర్లకి లేబుళ్ళు పెట్టుకోవచ్చు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చవచ్చు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ చేరుతుంది. ఈ పరిమితి మీకు ఒక కొలబద్దలా పనికొస్తుంది. మీ వారపు వ్యాసం కావాలనుకున్నవాళ్ళని నంబరు సేవ్ చేసుకోమనండి. ఎంతమంది చేసుకున్నారన్నది లైకుల కంటే నిజమైన లెక్క. అడగనివాళ్ళని గ్రూపుల్లో చేర్చడం మాత్రం చేయకండి, మ్యూట్ చేసి మిమ్మల్ని మర్చిపోతారు.

7. చుట్టూ ఉండే వృత్తులవాళ్ళు

ఇల్లు కొనే మనిషి ఏజెంటుతో పాటు లాయరు, లోన్ ఆఫీసరు, సర్వేయరు, ఇంజినీరు, ప్లంబరు, సామాన్లు తరలించేవాళ్ళు, ఇంతమందితో పడాలి. ప్రతి వృత్తిలో ఇద్దరేసి మంచివాళ్ళని ఇప్పుడే వెతికి పెట్టుకోండి. వాళ్ళ దగ్గరికి వెళ్ళి పని అడగకండి, ప్రశ్న అడగండి. "ఇల్లు కొనేవాళ్ళు మీ దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమైపోయే విషయమేంటి?" అంటే ప్రతివాళ్ళ దగ్గరా ఒక కథ ఉంటుంది. పేర్లు లేకుండా, అనుమతి తీసుకుని, అది రాస్తే ఒక వారం వ్యాసం అయిపోతుంది. వ్యాసంలో తమ మాట చూసుకున్నవాళ్ళు దాన్ని తమ వాళ్ళకి పంపుతారు. పరిచయం చేసినందుకు వాళ్ళనుంచి వాటా మాత్రం తీసుకోకండి. ఒకసారి తీసుకున్నారని తెలిస్తే, మీరు సూచించిన లాయరు ఎంత మంచివాడైనా ఎవరూ నమ్మరు.

8. ఒక్క అమ్మకం కూడా లేకుండా రుజువు ఎక్కడినుంచి?

ఈ ప్రశ్నకి భయపడి కొందరు రివ్యూలు కొంటారు, చుట్టాల చేత రాయిస్తారు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన, నకిలీ రివ్యూలను నిషేధించే నియమం 2024 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. చట్టం మాట అటుంచినా, ఇళ్ళు అమ్మకముందే ఇళ్ళు అమ్మినందుకు పొగడ్తలు కనబడితే ఎవరికైనా నవ్వొస్తుంది.

పాత పనిలో మీతో మెలిగినవాళ్ళని అడగండి. "చెప్పిన టైముకి చేసేది", "లెక్క తప్పేది కాదు", "కస్టమరు అరిచినా ఓపిగ్గా వినేది" లాంటి మాటలు, చెప్పినవాళ్ళ పేరూ హోదాతో, వాళ్ళ అనుమతితో పెట్టండి. ఏ సందర్భంలో అలా చేశారో ఒక వాక్యం కలపమనండి. మీ వ్యాసాలూ, ఆ స్ప్రెడ్‌షీట్లోంచి తీసిన మూడు నెలల సారాంశమూ ఇంకో రుజువు. ఇల్లు వెతుక్కుంటున్న స్నేహితుడితో పాటు ఊరికే వెళ్ళి, చూసిన ప్రతి ఇంటికీ ఒక పేజీ నోట్స్ రాసివ్వండి. డబ్బు తీసుకోకండి, బేరంలో వేలు పెట్టకండి. ఆ కాగితాలు అతను ఇంకో నలుగురికి చూపిస్తాడు.

9. కంపెనీ, తర్వాత మొదటి మెసేజ్

ఏడాది గడిచేసరికి కంపెనీని వెతుక్కునే తీరే మారిపోతుంది. ఒక ప్రాంతం గురించి క్షుణ్ణంగా తెలిసి, సొంత పరిచయాలున్న మనిషిగా వెళ్తారు. ఒప్పందంలో కమిషన్ వాటా ఒక్కటే చూడకండి. మానేస్తే కాంటాక్టులు ఎవరివి, మీ సొంత పేజీలో రాయడానికి వాళ్ళ అనుమతి కావాలా, ప్రకటనల్లో కంపెనీ పేరు ఎంత పెద్దగా ఉండాలి, లైసెన్స్ నంబరు ఎక్కడ వేయాలి అన్నవి రాతపూర్వకంగా తేల్చుకోండి. తాము చెప్పిన ప్రాజెక్టులే అమ్మాలనే షరతు ఉంటే రెండుసార్లు ఆలోచించండి. ఏడాదిపాటు రెండువైపులా చెప్పిన మనిషి ఒక్కసారిగా ఒకే బిల్డరు పాట పాడితే చదివేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

లైసెన్స్ వచ్చిన రోజు అందరికీ ఒకే మెసేజ్ కొట్టకండి. నోట్‌బుక్కులోంచి ముందుగా ముప్ఫై పేర్లు తీయండి: మీ వ్యాసాలు చదివి ఎప్పుడో ఒకప్పుడు ప్రశ్న అడిగినవాళ్ళు. ఒక్కొక్కరికీ విడిగా రాయండి. "మార్చిలో మీరు లోన్ గడువు గురించి అడిగారు కదా, ఆ తర్వాత ఏమైంది? ఈ వారంనుంచి నాకు లైసెన్స్ వచ్చింది, ఫలానా కంపెనీలో చేరాను. ఇకమీదట ఏదైనా ఇంటి గురించి రాస్తే, అందులో నాకు కమిషన్ ఉంటే ఆ మాట పైనే రాస్తాను. వారం వారం వచ్చే వ్యాసం ఎప్పటిలాగే వస్తుంది." కింద లైసెన్స్ నంబరు వేయండి. జవాబు వచ్చినవాళ్ళతో ఫోన్‌లో మాట్లాడటం పూర్తయ్యాకే తర్వాతి ముప్ఫైమందికి వెళ్ళండి.